పేతురు గారు ఇక్కడే ఉన్నారా? వాటికన్ నేల కింద గంటన్నర

రోములో సెయింట్ పీటర్స్ బసిలికా (యేసు ముఖ్య శిష్యుడు పేతురు పేరున కట్టిన గుడి) కింద ఉన్న పాత శ్మశానం చూసి పైకి వచ్చాక మా అమ్మ మెట్ల దగ్గర ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, “ఇంతకీ పేతురు గారు ఇక్కడే ఉన్నారా, లేదా? ఒక్క మాటలో చెప్పవే” అంది.

అమ్మది విజయవాడ. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు కొండెక్కకపోతే ఆ ఏడాది ఏదో వెలితి అనుకునే మనిషి. కింద ఉన్నంతసేపూ గైడ్ ఇంగ్లీషులో చెబుతుంటే నేను అమ్మ చెవి దగ్గర తెలుగులో గుసగుసగా చెబుతూ వచ్చాను. ఆవిడ వంద మాటలు చెబితే నేను అందించగలిగింది ముప్పై. దాంతో అమ్మకి సమాధులు గుర్తున్నాయి, ఎర్ర గోడ గుర్తుంది, చివర్లో సందులోంచి చూసిన గాజులాంటి పెట్టెలు గుర్తున్నాయి. వాటి మధ్య లంకె మాత్రం తెగిపోయింది.

ఆ రోజు నా దగ్గరా జవాబు లేదు. ఇంటికొచ్చి తీరిగ్గా చదివాక ఒకటి అర్థమైంది. అమ్మ అడిగింది ఒక ప్రశ్న కాదు, మూడు. పేతురు రోములోనే చనిపోయారా? ఆయన్ని పాతిపెట్టింది ఈ చోటేనా? ఇక్కడ దొరికిన ఎముకలు ఆయనవేనా? ఈ మూడింటికీ సాక్ష్యాలు వేరు, ఆ సాక్ష్యాల బలం వేరు. టూర్‌లో మాత్రం అడుగులు పడుతున్నకొద్దీ మూడూ కలిసిపోయి ఒకే కథలా వినిపిస్తాయి. అందుకే బయటికి వచ్చేవాళ్లలో కొందరు “ఎముకలు కూడా దొరికాయి, ఇంకేం కావాలి” అంటారు. ఇంకొందరు “అంతా చర్చి వాళ్లు చెప్పుకునేదే” అని పెదవి విరుస్తారు. రెండూ తొందరపడి అనే మాటలే. మూడు ప్రశ్నలనూ విడదీసి చూస్తే విషయం ఇంకా బాగుంటుంది, నమ్మకానికీ నష్టం ఉండదు.

నేలలో ఒక పలక

టూర్ మొదలయ్యే చోటే మొదటి ప్రశ్నకి సంబంధించిన సాక్ష్యం ఒకటి ఉంది. చాలామంది దాని మీద నుంచే నడిచిపోతారు. బసిలికాకు ఎడమ పక్క స్విస్ గార్డుల కాపలా దాటి లోపలికి వెళ్తే ఒక చిన్న ఆవరణ వస్తుంది. రోము తొలి వేదసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల పేరు పెట్టారు దానికి. స్కావీ ఆఫీసు అక్కడే. స్కావీ అంటే ఇటాలియన్‌లో తవ్వకాలు అని అర్థం. ఆ ఆవరణలో నేలలో పొదిగిన ఒక రాతి పలక కనిపిస్తుంది. ఇప్పుడు బసిలికా ముందున్న పెద్ద మైదానం నడిమధ్యలో నిలబడి ఉన్న ఈజిప్టు రాతి స్తంభం ఒకప్పుడు ఇక్కడే ఉండేదని చెప్పే గుర్తు అది. 1586లో ఐదో సిక్స్‌తుస్ పాపు (పోప్) గారి కాలంలో డొమెనికో ఫొంటానా అనే ఇంజనీరు, వందల మంది మనుషులతో, గుర్రాలతో, మోకులతో లాగించి దాన్ని ఇప్పుడున్న చోటికి మార్పించాడు.

ఆ స్తంభాన్ని ఈజిప్టు నుంచి తెప్పించినవాడు కాలిగులా చక్రవర్తి. ఇక్కడ అతనికి రథాల పందేల మైదానం ఉండేది. తర్వాత అది నీరో చేతికి వచ్చింది. అప్పట్లో వాటికన్ అంటే రోము ఊరి బయట, టైబర్ నది అవతల ఉన్న ఒక గుట్ట, దాని కింద తోటలు, పక్కన దారి వెంట సమాధులు. క్రీ.శ. 64 జూలైలో రోము తగలబడింది. జనం తనని వేలెత్తి చూపిస్తున్నారని నీరో ఆ నింద క్రైస్తవుల మీదకి నెట్టాడు. వాళ్లని శిలువ వేశారనీ, రాత్రిపూట దివిటీల్లా కాల్చారనీ, నీరో తన తోటల్నే అందుకు ఇచ్చాడనీ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆయనకి క్రైస్తవులంటే ఇష్టం లేదు. ఇష్టం లేనివాడు చెప్పిన సాక్ష్యం కాబట్టే దాని విలువ ఎక్కువ.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. టాసిటస్ పేతురు పేరు ఎత్తలేదు. ఆయన్ని తలకిందులుగా శిలువ వేశారన్న మాట తర్వాతి రాతల్లోంచి వచ్చింది. మొదటి శతాబ్దం చివర్లో రోము నుంచి కొరింథుకి వెళ్లిన, రోము క్రైస్తవుల పెద్ద క్లెమెంతు ఉత్తరంలో పేతురు, పౌలు పడ్డ బాధల ప్రస్తావన ఉంది, కానీ ఊరు పేరు లేదు. అయితే ఇంకో సంగతి కూడా చూడండి. అంతియొకయ అనే నగరం, పేతురు తమ దగ్గర పీఠం స్థాపించారని చెప్పుకుంది. యెరూషలేములో ఆయన బోధించారు. అయినా “పేతురు సమాధి మా ఊళ్లో ఉంది” అని రోముతో పోటీ పడి చెప్పుకున్న ఊరు ఆ పాతకాలంలో ఇంకొకటి లేదు. పుణ్యపురుషుల సమాధుల కోసం ఊళ్లకి ఊళ్లు పోటీ పడ్డ కాలం అది. అందుకే పేతురు రోములో చనిపోయారన్న మాటను కథోలికులు కాని చరిత్రకారుల్లోనూ ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మొత్తమ్మీద మొదటి ప్రశ్నకి పునాది గట్టిగానే ఉంది.

పూడ్చిపెట్టి కాపాడిన వీధి

కిందకి దిగుతుంటే ముందు తెలిసేది ఉక్క. రోములో చల్లటి రోజున కూడా కింద గాలి బరువుగా, తడిగా ఉంటుంది. లోపలి తేమ, వేడి మారిపోకుండా అక్కడక్కడా గాజు తలుపులు పెట్టారు. మన గుంపు దగ్గరికి రాగానే తెరుచుకుంటాయి, దాటగానే మూసుకుంటాయి. తర్వాత ఒక్కసారిగా మనం ఒక ఇరుకు వీధిలో నిలబడి ఉంటాం. అది నిజంగానే వీధి. రెండు పక్కలా ఎర్ర ఇటుకలతో కట్టిన చిన్న చిన్న ఇళ్లు. గుమ్మాలున్నాయి, గుమ్మాల మీద పేర్ల పలకలున్నాయి, కిటికీలున్నాయి. కాపురం ఉన్నది మాత్రం చనిపోయినవాళ్లు. 22 సమాధి గృహాల దాకా వెలికితీశారు. ఎక్కువ భాగం రెండో శతాబ్దంలో కట్టినవి. కట్టించుకున్నవాళ్లలో చాలామంది బానిసత్వం నుంచి విడుదలై, వ్యాపారం చేసి నాలుగు డబ్బులు సంపాదించిన కుటుంబాలు.

వాటిలో ఒక గృహం గుమ్మం మీద పోపిలియస్ హెరాక్లా అనే మనిషి వీలునామా చెక్కి ఉంది. తన సమాధిని వాటికన్‌లో, పందేల మైదానం దగ్గర కట్టాలని అతను వారసులకి రాసిపెట్టాడు. అతను పేతురు గురించి రాయలేదు, పేతురు ఎవరో అతనికి తెలిసి కూడా ఉండకపోవచ్చు. తన ఆస్తి గొడవ తాను రాసుకున్నాడు. అయినా నీరో మైదానం ఈ పక్కనే ఉండేదని మనకి రాతిలో చెప్పి పోయాడు.

ఇంకో గృహంలో ఈజిప్టు దేవుడు హోరస్ బొమ్మ ఉంది. వలేరీ కుటుంబం గృహంలో గోడలనిండా సున్నంతో తీర్చిన మనుషుల బొమ్మలున్నాయి. ఆ వరుసలోనే ఒక చాలా చిన్న గదిలో, పైకప్పు మీద పసుపుపచ్చ రాళ్ల మధ్య, గుర్రాల రథమెక్కి తల చుట్టూ కిరణాలతో వెలిగిపోతున్న ఒకరి బొమ్మ ఉంది. చూడగానే సూర్య దేవుడు అనిపిస్తుంది. కానీ అదే గదిలో గాలం వేస్తున్న జాలరి ఉన్నాడు, చేప నోట్లో పడుతున్న బైబిల్ ప్రవక్త యోనా ఉన్నాడు. అందుకే ఆ సూర్యుణ్ణి క్రీస్తుగా అర్థం చేసుకుంటారు. చుట్టూ రోమన్ దేవుళ్లని కొలిచే కుటుంబాల సమాధులు, మధ్యలో ఎవరిదో ఒక క్రైస్తవ కుటుంబం. వీధి ఒకటే.

అమ్మ అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది ఇవేవీ కాదు. చలువరాతి పలకలో బొటనవేలు పట్టేంత రంధ్రాన్ని. చనిపోయినవాళ్లకి ద్రాక్షారసం, పాలు అందులోంచి పోసేవాళ్లని గైడ్ చెప్పింది. ఏడాదిలో కొన్ని రోజులు కుటుంబమంతా వచ్చి సమాధి పక్కనే కూర్చుని భోజనం చేసేవాళ్లట. “మన వాళ్ల పెద్దల పండుగ లాంటిదే” అంది అమ్మ. ఆ ఒక్క మాటకి నేను అనువాదం చేయాల్సిన పని లేకపోయింది.

ఇంత చక్కటి వీధి ఇలా చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది? కాన్‌స్టంటైన్ చక్రవర్తి దీన్ని పూడ్చేశాడు కాబట్టి. రెండో ప్రశ్నకి అసలు సాక్ష్యం ఇదే. గైడ్లు దీన్ని రెండు ముక్కల్లో చెప్పి ముందుకి నడిపిస్తారు. నాకైతే అక్కడే అరగంట నిలబడాలనిపించింది.

నాలుగో శతాబ్దం మొదటి భాగంలో ఆయన పేతురు పేరున ఒక పెద్ద దేవాలయం కట్టించాలనుకున్నాడు. రోము చుట్టూ చదునైన నేల కావలసినంత ఉంది. దగ్గర్లోనే ఉంది. ఆయన ఎంచుకున్నది గుట్ట వాలు. ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు కొండ తొలిచారు. పల్లంగా ఉన్న దక్షిణం వైపు భారీ గోడలు లేపి మట్టి నింపారు. మధ్యలో ఉన్నదేమో అప్పటికీ వాడుకలో ఉన్న శ్మశానం. రోమన్ చట్టంలో సమాధి పవిత్రం, దాని జోలికి వెళ్లడం నేరం. చక్రవర్తి కాబట్టి చేయగలిగాడు. సమాధుల పైకప్పులు కొట్టేయించి, లోపల మట్టి కూరించి, ఆ మొత్తాన్నీ పునాదిగా చేశాడు. ఇంత డబ్బు, ఇంత శ్రమ, బతికున్న కుటుంబాల కోపం, ఇవన్నీ నెత్తిన వేసుకుని ఎవరైనా ఎందుకు కడతారు? కట్టడం ఇక్కడ కాకపోతే కుదరదు అనుకుంటేనే. పది అడుగులు పక్కకి జరిగినా ఒప్పుకోని లెక్క ఏదో వాళ్లకి ఉంది.

ఆ లెక్క ఏమిటో 1940ల్లో బయటపడింది. 1939 ఫిబ్రవరిలో పదకొండో భక్తినాథ పాపు గారు చనిపోయారు. అంటే బయటి ప్రపంచం పయస్ అని పిలిచే పేరు. ఆయన సమాధి కోసం బసిలికా కింది భాగంలో చోటు చేస్తుంటే పాత రోమన్ కట్టడాలు తగిలాయి. తర్వాత వచ్చిన పన్నెండో పయస్ తవ్వకాలకి అనుమతి ఇచ్చారు. 1940 నుంచి 1949 దాకా, బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, గుట్టుగా పని సాగింది. తవ్వినవాళ్లు నలుగురు: ఎన్రికో యోసి, అంతోనియో ఫెర్రువా, ఎంగెల్బెర్ట్ కిర్ష్‌బౌమ్, అపొల్లోజ్ గెత్తి. పైన పర్యవేక్షణ లుడ్విగ్ కాస్ అనే జర్మన్ మాన్సిగ్నోర్‌ది (చర్చి గౌరవ బిరుదున్న గురువు). ఈ కాస్ పేరు గుర్తుపెట్టుకోండి.

బసిలికా ప్రధాన బలిపీఠం కింద వాళ్లకి కనిపించింది గొప్ప సమాధి గృహం కాదు. చుట్టూ డబ్బున్నవాళ్ల సమాధుల మధ్య మిగిలిన ఒక చిన్న ఖాళీ స్థలం. అందులో బీదవాళ్లని నేలలోనే పాతిపెట్టారు, కొందరి మీద పెంకులే కప్పు. ఆ ఖాళీ స్థలానికి ఒక పక్కన ఎర్ర సున్నం పూసిన గోడ. ఆ గోడలో గూడులాగా తొలిచి, ముందు రెండు చిన్న చలువరాతి స్తంభాలు నిలబెట్టి, పైన పలక పెట్టి ఒక చిన్న కట్టడం చేశారు. ఎత్తు ఒక మనిషికి కాస్త అటూ ఇటూగా.

ఇప్పుడు దీన్ని ఒక పాత మాటతో కలిపి చూడాలి. దాదాపు క్రీ.శ. 200 ప్రాంతంలో రోములో గాయస్ అనే క్రైస్తవుడు ఒక వాదనలో, వాటికన్‌కి వెళ్తే పేతురు విజయచిహ్నాన్ని, ఓస్తియా దారిలో పౌలు విజయచిహ్నాన్ని చూపించగలనని రాశాడు. ఆ మాటల్ని తర్వాత చరిత్ర రాసిన యుసేబియస్ భద్రపరిచాడు. గాయస్ చూపిస్తానన్నది ఈ గూడునే అని పురావస్తు శాస్త్రజ్ఞులు అంటారు. మరి ఎర్ర గోడ ఎప్పటిది? దాని వెనక నీళ్లు పోయే కాలువ ఇటుకల మీద ముద్రలున్నాయి. మార్కస్ ఔరేలియస్ ఇంకా చక్రవర్తి కాకముందు, యువరాజుగా ఉన్నప్పటి ముద్రలవి. ఆయన చక్రవర్తి అయింది 161లో. కాబట్టి గోడ వయసు 160కి అటూ ఇటూ. ఇటుక బట్టీవాళ్లు లెక్క కోసం కొట్టుకున్న ముద్ర 1,800 ఏళ్ల తర్వాత ఇలా సాక్ష్యం చెబుతోంది. నాకు మొత్తం టూర్‌లో అన్నిటికంటే గట్టిగా అనిపించిన సాక్ష్యం అదే.

ఆ గూడు మీద కాన్‌స్టంటైన్ చలువరాతి తొడుగు వేయించాడు. దాని మీద ఆరో శతాబ్దం చివర గ్రెగోరీ పాపు గారి కాలంలో ఒక బలిపీఠం వచ్చింది. దాని మీద 1123లో ఇంకొకటి. దాని మీద 1594లో ఇంకొకటి, ఇప్పుడు పాపు గారు పూజ చేసేది దాని దగ్గరే. ఆ పైన బెర్నీని చేసిన మెలి తిరిగిన కంచు స్తంభాల పందిరి, ఇంకా పైన మైకెలాంజెలో గోపురం. పైనుంచి ఒక గుండు దారం వదిలితే నేరుగా ఆ గూడు మీదే పడుతుంది. మేస్త్రీలు మారారు, గుళ్లు మారాయి, 1506లో పాత గుడి పడగొట్టి కొత్తది మొదలుపెట్టారు. ఆ ఒక్క చోటు మాత్రం ఎవరూ కదపలేదు.

కాబట్టి రెండో ప్రశ్నకి చెప్పగలిగింది ఇది. పేతురు ఇక్కడే ఉన్నారని రోము క్రైస్తవులు 160 నాటికే నమ్మారు, దానికి రుజువు ఉంది. ఆయన చనిపోయిన నాటికీ ఆ గోడకీ మధ్య దాదాపు 95 ఏళ్ల ఖాళీ ఉంది. అంటే మూడు తరాలు. మా ఊళ్లో మా ముత్తాత సమాధి ఎక్కడో మా అమ్మమ్మ చూపించింది, రాయి కూడా లేదు దాని మీద. ఆ లెక్కన 95 ఏళ్లు పెద్ద దూరం అనిపించదు. అయినా అది ఖాళీయే. ఖాళీ అని ఒప్పుకోవాలి.

ఒక చిక్కు కూడా ఉంది. రోములోనే అప్పియన్ దారిలో సెబాస్టియన్ గారి గుడి కింద మూడో శతాబ్దపు గోడ ఒకటి ఉంది. దాని మీద పేతురు, పౌలు పేర్లు పెట్టి యాత్రికులు గీసిన ప్రార్థనలు కుప్పలుగా ఉన్నాయి. 258 నాటికి అక్కడ ఇద్దరికీ కలిపి పూజ జరిగేదని తెలుస్తోంది. వలేరియన్ చక్రవర్తి హింసల కాలంలో అవశేషాల్ని కొన్నాళ్లు అక్కడ దాచారని కొందరంటారు. కాదు, అది కేవలం స్మారకమని కొందరంటారు. టూర్‌లో ఇది మాకు చెప్పలేదు. గంటన్నరలో అన్నీ చెప్పలేరు, నిజమే. కానీ అడిగితే చెబుతారు, అడగండి.

ఎముకల సంగతి

ఇక మూడోది. చిక్కంతా ఇక్కడే.

1950 డిసెంబర్ 23న పన్నెండో పయస్ పాపు గారు రేడియోలో మాట్లాడారు. పేతురు సమాధి దొరికిందని ప్రకటించారు. సమాధి దగ్గర ఎముకలు కూడా దొరికాయనీ, అయితే అవి ఆయనవేనని ఖాయంగా చెప్పడం సాధ్యం కాదనీ ఆ ప్రసంగంలోనే అన్నారు. సమాధి వేరు, ఎముకలు వేరు అని మొదట విడదీసి చెప్పింది పాపు గారే. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. ఆ జాగ్రత్త తర్వాత పనికొచ్చింది కూడా. గూడు కింద దొరికిన ఆ ఎముకల్ని వెనేరాందో కొర్రేంతి అనే శరీర నిర్మాణ నిపుణుడు పరీక్షిస్తే అవి ఒక్కరివి కావని, అందులో ఒక స్త్రీ ఎముకలూ జంతువుల ఎముకలూ ఉన్నాయని తేలింది.

ఇప్పుడు మనం చూసే పెట్టెల్లో ఉన్నవి అవి కావు. వేరే.

ఎర్ర గోడ పగులిస్తే మూడో శతాబ్దంలో దానికి ఆసరాగా పక్కన ఇంకో చిన్న గోడ కట్టారు. యాత్రికులు ఆ గోడనిండా గీతలు గీశారు. ఒకదాని మీద ఒకటి, ఈగ కాలు పెట్టే చోటు లేకుండా. ఆ గోడలో చలువరాయి పరిచిన ఒక చిన్న అర ఉంది. తవ్వేవాళ్లు దాన్ని నమోదు చేసేసరికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఎందుకంటే అంతకుముందే కాస్ గారు ఒక పనివాణ్ణి తోడు తీసుకుని అందులో ఉన్న ఎముకల్ని తీయించి ఒక పెట్టెలో పెట్టించారు. తవ్వకాల హడావుడిలో చనిపోయినవాళ్ల ఎముకలకి తగిన గౌరవం దక్కడం లేదని ఆయన బాధ. ఆయన పూజారి మనసు నాకు అర్థమవుతుంది. కానీ తవ్వేవాళ్లకి చెప్పలేదు. ఏది ఎక్కడ ఎలా ఉందో రాసుకున్న కాగితం లేదు. 1952లో ఆయన చనిపోయారు.

గోడ మీద రాతలు చదవడానికి వచ్చిన మార్గెరీతా గ్వార్దూచ్చి అనే శాసన పండితురాలికి 1953లో ఆ పెట్టె సంగతి ఆ పనివాడి ద్వారా తెలిసింది. కొర్రేంతి ఆ ఎముకల్ని పరీక్షించి అవి ఒకే మనిషివి, మగవాడివి, దిట్టమైన శరీరం, వయసు 60 నుంచి 70 మధ్య అన్నారు. వాటితోపాటు బంగారు దారం కలిసిన ఊదారంగు బట్ట నూలు పోగులు దొరికాయి. ఊదా, బంగారం అంటే అప్పట్లో రాజవస్త్రం. ఎవరి ఎముకల్నో అంత గౌరవంగా చుట్టి దాచారన్నమాట. దీనికి తోడు ఎర్ర గోడ నుంచి ఊడిన ఒక చిన్న సున్నపు పెళ్ల మీద గ్రీకు అక్షరాలున్నాయి. “పేతురు లోపల ఉన్నాడు” అని గ్వార్దూచ్చి చదివారు.

వినగానే గుండె ఝల్లుమంటుంది. కింద అదే చోట నిలబడి వింటే ఇంకా. కానీ అవతలి వాదన కూడా వినాలి. ఆ పెళ్ల అంచు విరిగిపోయింది, ముందుకి ఇంకా అక్షరాలు ఉండి ఉండొచ్చు. “పేతురు, శాంతితో” అని కూడా పూరించుకోవచ్చు. గీతల గోడ మీద పేతురు పేరు గ్వార్దూచ్చికి సంకేతాలుగా కనిపించింది. మిగతా పండితులు చాలామందికి అలా కనిపించలేదు. అన్నిటికంటే పెద్ద లోటు కాగితం లేకపోవడం. ఆ ఎముకలు ఆ అరలోంచే వచ్చాయని చెప్పడానికి పనివాడి జ్ఞాపకం, పెట్టెలో ఉన్న వస్తువుల పోలిక, ఇవే ఆధారం. మొదట తవ్వినవాళ్లలో ఒకరైన ఫెర్రువాయే చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన జెస్యూట్ సభకి చెందిన కథోలిక గురువు. విశ్వాసం లేక కాదు, పురావస్తు పద్ధతి తప్పిందని.

1968 జూన్ 26న ఆరో పౌలు పాపు గారు పేతురు అవశేషాల్ని గుర్తించామని ప్రకటించారు. ఆయన వాడిన మాట చూడండి: నమ్మదగినదిగా మేం భావించే రీతిలో గుర్తించాం అన్నారు. రుజువైంది అనలేదు. మర్నాడు ఎముకల్ని 19 పారదర్శకమైన పెట్టెల్లో సర్ది అదే అరలో తిరిగి పెట్టారు. తొమ్మిది చిన్న ముక్కల్ని మాత్రం పాపు గారి సొంత ప్రార్థనా గదిలో ఉంచారు. 2013 నవంబర్ 24న ఫ్రాన్సిస్ పాపు గారు వాటిని మొదటిసారి జనం ముందుకి తెచ్చారు. 2019లో వాటిని ఆర్థొడాక్స్ క్రైస్తవుల పెద్ద బర్తొలొమయి గారికి కానుకగా పంపించారు.

అమ్మ భయం ఏమిటంటే, ఎముకలు ఖాయం కాదంటే విశ్వాసానికి లోటు వస్తుందేమోనని. రాదు. ఈ ఎముకలు పేతురువేనని నమ్మి తీరాలని కథోలిక శ్రీసభ ఎవరికీ నియమం పెట్టలేదు. అది విశ్వాస సత్యాల్లో లేదు. నమ్మితే భక్తి, సందేహిస్తే తప్పేమీ కాదు.

వెళ్లాలనుకునేవాళ్లకి

గైడ్ లేకుండా కిందకి పంపించరు. సొంతంగా తిరగడం లేదు. గుంపుకి పన్నెండు మంది దాకా, రోజుకి దాదాపు 250 మంది. అంతకు మించితే మనుషుల ఊపిరికీ ఒంటి వేడికీ రంగులు, సున్నం పాడవుతాయి. అందుకే టికెట్టు దొరకడం కష్టం. ప్రయాణం ఖాయమైన రోజే స్కావీ ఆఫీసుకి దరఖాస్తు పెట్టుకోండి, నెలల ముందే. చిన్న పిల్లల్ని రానివ్వరు, వయసు పరిమితి ముందే చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. చీర, పంజాబీ డ్రెస్ నిశ్చింతగా సరిపోతాయి. పెద్ద బ్యాగులు, ఫొటోలు కుదరవు. నియమాలు మారుతుంటాయి, వెళ్లేముందు ఒకసారి వాళ్ల సైటులో చూసుకోండి. దారి ఇరుకు, మెట్లున్నాయి, నేల ఎగుడుదిగుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకు చోట్ల టెన్షన్ పడేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకి నేను చేసిన పొరపాటు చెబుతాను. కింద నిలబడి అనువాదం చేద్దామనుకోకండి, కుదరదు. ముందురోజు రాత్రి హోటల్లో కూర్చోబెట్టి కథంతా తెలుగులో చెప్పండి. పందేల మైదానం, బీదవాళ్ల ఖాళీ స్థలం, ఎర్ర గోడ, గీతల గోడ, కాన్‌స్టంటైన్ పూడ్చింది, ఆ వరుసలో. ఆ తర్వాత కింద వాళ్లకి మాట అక్కర్లేదు, చూస్తే చాలు.

టికెట్టు దొరక్కపోయినా బసిలికా కింది గ్రొట్టోలకి వెళ్లొచ్చు, పాపుల సమాధులుండే చోటు. అక్కడ గాజు వెనకాల ఒక గూడు కనిపిస్తుంది. లోపల క్రీస్తు బొమ్మ, ముందు ఒక పెట్టె. పాల్లియం అనే తెల్లటి ఉన్ని పట్టీల్ని ఆ పెట్టెలో ఉంచుతారు. జూన్ 29న పేతురు, పౌలుల పండుగ రోజున ఆశీర్వదించే ఆ పట్టీల్ని అగ్రపీఠాధిపతులు మెడలో వేసుకుంటారు. హైదరాబాదు అగ్రపీఠానికీ, విశాఖ అగ్రపీఠానికీ వచ్చేవి కూడా ఇక్కడి నుంచే. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారిని 2022 ఆగస్టు 27న కార్డినల్ చేసింది ఈ బసిలికాలోనే. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్ ఆయనే. ఈ మాట చెప్పగానే అమ్మ గాజుకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

ఇదంతా ఫోన్లో వివరంగా చెప్పాను తర్వాత. మూడు ప్రశ్నలూ, మూడు జవాబులూ. ఓపిగ్గా విని, ఇంకోటి అడిగింది: “ఆ గోడ మీద గీతలు అన్నావు కదే, అందులో ఏం రాశారు?”

ఎక్కువ భాగం పేర్లమ్మా అన్నాను. పేరు, పక్కన క్రీస్తు గుర్తు. ఫలానా వాళ్లూ, మీరు క్రీస్తులో జీవించండి అని. చనిపోయిన తమవాళ్ల పేర్లని పేతురు పక్కన ఉంచుకున్నారు.

“అదా” అని కాసేపు ఊరుకుంది.

మొన్న నవంబర్ 2న, సమాధుల పండుగకి, నాన్న సమాధికి సున్నం వేయించి, వానలకి వెలిసిపోయిన పేరు మీద మళ్లీ నల్ల రంగు దిద్దించింది. కొవ్వొత్తులు వెలిగించాక ఫొటో పంపించింది. పేరు కింద ఎప్పుడూ లేని ఒక చిన్న శిలువ గుర్తు కూడా గీయించింది ఈసారి.